పదార్థాల ధర్మాలు, కళాచరిత్ర యుగాలు: రెండూ కలిపి ఎలా చదవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ) పూర్తి కావస్తోంది, చిత్రాలూ శిల్పాలూ కాపాడే సంరక్షణ కోర్సుకు ఎంట్రన్స్ రాయబోతున్నారు. సిలబస్‌లో ఒక పక్క రసాయన శాస్త్రం నుంచి పదార్థాల మౌలిక ధర్మాలు, ఇంకో పక్క కళాచరిత్రలో ప్రధాన యుగాలు. ఇంటర్‌లో సీఈసీ తీసుకోవడంతో కెమిస్ట్రీ పదో తరగతి దగ్గరే ఆగిపోయింది. రెండింటికీ వేరువేరు నోట్సు రాసుకుని బట్టీ పడుతున్నారు, ఒకటి చదివితే ఇంకోటి మర్చిపోతున్నారు, టెన్షన్‌గా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నారు.

నేను కెమిస్ట్రీ చదివి మ్యూజియం సంరక్షణ ల్యాబ్‌లో చాలాకాలం పనిచేసినవాణ్ణి. బొమ్మలు వేయడం రాదు కానీ, బొమ్మలు ఎందుకు పాడవుతాయో తెలుసు. ఆ రెండు నోట్సులూ పక్కన పెట్టి ఒకటే నోట్సు మొదలుపెట్టమని నా సలహా. ఒక్కో ధర్మానికి ఒక్కో కళాఖండాన్ని జత చేయండి. ఆ ధర్మం వల్ల నిలబడిందో, ఆ ధర్మం వల్లే చెడిందో చూడండి. ఏ యుగం వాళ్ళు ఏం చేయగలిగారన్నది చాలావరకు వాళ్ళ చేతిలో ఏ పదార్థం ఉందన్నదాన్ని బట్టే ఉంటుంది. ఎందుకు చేశారన్నది వేరే ప్రశ్న, దాని సంగతి తర్వాత చెప్తాను.

భౌతిక ధర్మాలు, రసాయన ధర్మాలు అనే విభజన మీకు తెలుసు. పదార్థం మారకుండా కొలవగలిగేవి భౌతిక ధర్మాలు: రంగు, సాంద్రత, కాఠిన్యం, ద్రవీభవన స్థానం, ద్రావణీయత, వక్రీభవన గుణకం (కాంతి ఆ పదార్థంలోకి దూరేటప్పుడు ఎంత వంగుతుందో చెప్పే సంఖ్య). మరో పదార్థంగా మారేటప్పుడు మాత్రమే బయటపడేవి రసాయన ధర్మాలు: ఆమ్లంతో చర్య, గాలిలో ఆక్సీకరణం, వేడికి విడిపోవడం లాంటివి. ఈ నిర్వచనాల మీద ఇంతకంటే సమయం పెట్టక్కర్లేదు. సున్నంతో మొదలుపెట్టండి. ఒక్క సున్నం అర్థమైతే సగం సిలబస్ అయిపోయినట్టే.

సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. దాన్ని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి కాలిస్తే కార్బన్ డైఆక్సైడ్ వెళ్ళిపోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. నీళ్ళు పోస్తే బుసబుస పొంగి, వేడెక్కి, కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. మనం గోడకు కొట్టే తడి సున్నం అదే. గోడ మీద ఆరుతూ గాలిలోని కార్బన్ డైఆక్సైడ్‌ను పీల్చుకుని మళ్ళీ కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. రాయి పొడి అయి, ముద్ద అయి, తిరిగి రాయి అవుతుంది.

ఫ్రెస్కో అనే పద్ధతంతా ఈ చివరి మెట్టు మీదే ఆధారపడింది. తడి సున్నపు పూత మీద, నీళ్ళలో కలిపిన రంగు పొడితో బొమ్మ వేస్తారు. జిగురు ఉండదు. పూత గట్టిపడుతుంటే ఏర్పడే కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలే రంగు రేణువులను పట్టి ఉంచుతాయి. రంగు గోడలో భాగమైపోతుంది కాబట్టి తడిగుడ్డకు ఊడిరాదు. చిక్కేమిటంటే పూత తడిగా ఉన్న కొద్ది గంటల్లోనే వేయాలి. అందుకే ఆ రోజు వేయగలిగినంత మేరకే పూత పూసేవారు. 1305 ప్రాంతంలో ఇటలీలోని పాదువాలో జొత్తో వేసిన స్క్రొవేన్యి ప్రార్థనామందిరం బొమ్మల్ని దగ్గరగా చూస్తే ఏ రోజు పని ఎక్కడ ఆగిందో ఆ అతుకులు కనిపిస్తాయి. 1508 నుంచి 1512 దాకా మైకెలాంజెలో సిస్టీన్ చాపెల్ పైకప్పుకు వేసినవీ ఇలాంటివే.

ఇక్కడ ఇంకో ధర్మం నేర్చుకోవాలి, క్షారత. తడి సున్నం గట్టి క్షారం, అన్ని రంగులూ దానికి తట్టుకోవు. జేగురు, పసుపుమట్టి లాంటి ఇనుప ఆక్సైడ్ మట్టి రంగులు తట్టుకుంటాయి. అజురైట్ అనే రాగి నీలం సరిగా ఇమడదు కాబట్టి దాన్ని పూత ఆరాక జిగురుతో వేసేవారు. ఫలితం ఏమిటంటే, చాలా ఇటలీ ఫ్రెస్కోల్లో మిగతా రంగులు నిలిచి నీలం రాలిపోయింది. తెల్ల సీసం సంగతి ఇంకా ఘోరం. ఇటలీలోని అసీసీ చర్చిలో చిమాబూయె అనే చిత్రకారుడి బొమ్మల్లో తెల్లగా మెరవాల్సిన చోట్లు నల్లబడ్డాయి. తెల్ల సీసం, అంటే సీసం కార్బొనేట్, ఆక్సీకరణం చెంది ముదురు గోధుమరంగు సీసం డైఆక్సైడ్‌గా మారింది. ఇప్పుడు ఆ బొమ్మలు ఫోటో నెగెటివ్‌లలా ఉంటాయి. పరీక్షలో రసాయన మార్పుకు ఉదాహరణ అడిగితే అందరూ ఇనుము తుప్పు రాస్తారు. మీరు ఇది రాయండి.

లియొనార్డో డావించి గురించి కూడా ఇక్కడే చదవాలి. ఆయనది నెమ్మది పని. వేసింది చెరిపి, దిద్ది, మళ్ళీ వేసే మనిషికి కొన్ని గంటల్లో ఆరిపోయే పూత ఎలా పనికొస్తుంది? 1495-98 మధ్య మిలాన్‌లో 'లాస్ట్ సప్పర్' వేసేటప్పుడు తడిపూత వదిలేసి, ఆరిన గోడ మీద గుడ్డు సొన, నూనె కలిపిన రంగులు వాడాడు. రంగు గోడలోకి దిగకుండా పైపొరగా ఉండిపోయింది. గోడలో చెమ్మ చేరేసరికి పెచ్చులూడటం మొదలైంది. 1517 నాటికే అది పాడవుతోందని చూసినవాళ్ళు రాశారు. 1978లో మొదలైన చివరి విడత మరమ్మతు 1999 దాకా సాగింది.

సున్నం కథలో మన అమరావతి కూడా ఉంది, బాధ కలిగించే రీతిలో. అమరావతి స్తూపపు పలకలు పల్నాడు సున్నపురాయి. పాతకాలపు పుస్తకాల్లో పాలరాయి అని ఉంటుంది, నిజానికి పాలరాయి అంటే భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ రూపు మారిన సున్నపురాయి. ఖనిజాల గట్టితనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద రెండింటి కాఠిన్యం 3 దగ్గరే. ఉలికి తేలిగ్గా లొంగుతుంది కాబట్టే అంత చిన్న పలక మీద అంతమంది మనుషులు, అంత కదలిక. కానీ కాలిస్తే సున్నమయ్యే గుణం కూడా ఆ రాయికే ఉంది. 1798లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అమరావతికి వచ్చేనాటికి దిబ్బను ఇటుకల కోసం, రాళ్ళ కోసం తవ్వుకుపోతున్నారు. ఆ తర్వాతి ఏళ్ళలో ఎన్నో పలకలు సున్నపు బట్టీలకు పోయాయి. మిగిలినవాటిలో పెద్ద భాగం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. గట్టి నల్లరాయి అయితే కనీసం బట్టీకి పోయేది కాదు. 1213లో కట్టిన రామప్ప గుడి మదనికలు, అంటే చూరు కింద నిలిపిన స్త్రీమూర్తులు, ఆ గట్టి నల్లరాయివే. గీరితే గీత పడని రాయిలో నగల సందుల్లోంచి దారం దూరేంత పని చేశారు కాకతీయ శిల్పులు. అదే గుడి శిఖరంలో వాడిన ఇటుక నీళ్ళలో తేలుతుంది, లోపల అంతా గాలి రంధ్రాలు. సాంద్రత పాఠానికి అంతకంటే మంచి ఉదాహరణ వెతకక్కర్లేదు: నీటి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1 గ్రాము, ఆ ఇటుకది దానికంటే తక్కువ. శిఖరం బరువు తగ్గించుకోవడానికి చేసిన ఏర్పాటు అది.

లోహాల దగ్గరకు వద్దాం. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది, తగరం 232 దగ్గరే. పది పాళ్ళలో ఒక పాలు తగరం కలిపిన కంచు 1000 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది, రాగి కంటే తేలిగ్గా అచ్చులోకి పారుతుంది, ఆరాక రాగి కంటే గట్టిగా ఉంటుంది. మిశ్రమ లోహం ద్రవీభవన స్థానం దాని భాగాల సగటు కాదు, ఈ మాట గుర్తుపెట్టుకోండి. స్వచ్ఛమైన ఇనుముకు 1538 డిగ్రీలు కావాలి. పాతకాలపు కొలుముల్లో అంత వేడి రాదు కాబట్టి మన దగ్గరా, యూరప్‌లోనూ ఇనుమును సాగగొట్టారే తప్ప పోత పోయలేదు. చైనా వాళ్ళు కర్బనం ఎక్కువ కలిసిన ఇనుముతో ఆ వేడిని 1150 దాకా దించి క్రీస్తుపూర్వమే పోత పోశారు.

కళాచరిత్ర విద్యార్థి పట్టించుకోవాల్సింది ఇంకోటుంది. రాయి నొక్కుడుకు బాగా ఓర్చుకుంటుంది, లాగుడుకు ఓర్చుకోదు. కంచు రెండింటికీ ఓర్చుకుంటుంది. గ్రీకు శిల్పి పాలిక్లైటస్ క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో పోసిన 'ఈటె పట్టిన యువకుడు' అసలు కంచు విగ్రహం. ఇప్పుడు మనకు మిగిలింది రోమన్లు చలువరాతిలో చెక్కిన నకళ్ళే. ఇటలీలోని నేపుల్స్ మ్యూజియంలో ఉన్న నకలు ఫోటో వెతికి చూడండి. కాలి పక్కన ఒక చెట్టు మొద్దు, నడుము నుంచి మణికట్టుకు చిన్న రాతి కమ్మీ కనిపిస్తాయి. ఆ మొద్దుకు కథలో ఏ పాత్రా లేదు. కంచులో రెండు కాళ్ళ మీద హాయిగా నిలబడిన మనిషి, రాతిలోకి వచ్చేసరికి చీలమండ దగ్గర విరిగిపోతాడు కాబట్టి పెట్టిన దన్ను అది. చోళుల నటరాజు ఒంటికాలి మీద నిలిచి, కాలెత్తి, చేతులు చాచి ఆడగలిగాడంటే అది కంచు చలవే. మైనంతో బొమ్మ చేసి, చుట్టూ మట్టి మెత్తి, కాల్చి మైనం కరిగించేసి, ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతి మొహెంజొదారో నర్తకి నాటిదే. తమిళనాడు స్వామిమలైలో ఇప్పటికీ అలాగే పోస్తున్నారు.

మరి గ్రీకుల అసలు కంచు విగ్రహాలేవి? తేలిగ్గా కరగడమే వాటి ప్రాణం తీసింది. తర్వాతివాళ్ళు కరిగించి వేరే పనులకు వాడుకున్నారు. మిగిలినవాటిలో మంచివి చాలావరకు సముద్రంలో మునిగి తప్పించుకున్నవే. ఇటలీ తీరంలో రియాచె దగ్గర 1972లో దొరికిన రెండు విగ్రహాలు అలాంటివి. కాకపోతే సముద్రం ఉప్పు ఇస్తుంది. క్లోరైడ్లు లోహంలో చేరితే, తర్వాత గాలిలో చెమ్మ తగిలినప్పుడల్లా లేత ఆకుపచ్చ పొడి రాలుతూ లోపలికి తినేస్తూ పోతుంది. దాన్ని కంచు జబ్బు అంటాం. పాత కంచు మీద నున్నగా, గట్టిగా ఉండే ముదురు పచ్చ పొర వేరు, అది లోహాన్ని కాపాడుతుంది. గోటితో తాకితే పొడిగా రాలుతుంటే మాత్రం భయపడాలి. ఇంటర్వ్యూలో ఈ తేడా అడిగే అవకాశం బాగా ఉంది.

ఇప్పుడు నాకిష్టమైన భాగం, నూనె రంగులు. మిర్చిబజ్జీ కట్టిన కాగితం మీద నూనె మరక చూశారు కదా, అక్కడ కాగితం అవతలి అక్షరాలు కనిపిస్తాయి. పొడి కాగితంలో నారకూ సందుల్లోని గాలికీ వక్రీభవన గుణకంలో తేడా ఎక్కువ. కాంతి అడుగడుగునా చెదిరి కాగితం తెల్లగా కనిపిస్తుంది. గాలి స్థానంలో నూనె చేరగానే తేడా తగ్గి కాంతి నేరుగా దూసుకుపోతుంది. సుద్దకు జరిగేదీ ఇదే. సుద్ద వక్రీభవన గుణకం 1.6 చుట్టూ, అవిసె నూనెది 1.48. జిగురుతో కలిపి ఆరబెడితే సుద్ద రేణువుల చుట్టూ గాలి మిగిలి తెల్లగా ఉంటుంది. నూనెలో కలిపితే మాసిన మైనంలా అయిపోతుంది. తెల్ల సీసానికి దాదాపు 2 కాబట్టి నూనెలోనూ తెల్లగానే ఉంటుంది. అందుకే విషమని తెలిసినా యూరప్ చిత్రకారులు శతాబ్దాలపాటు దాన్ని వదల్లేకపోయారు. 20వ శతాబ్దంలో వచ్చిన టైటానియం డైఆక్సైడ్‌కు 2.7. ఈరోజు మన గోడల రంగుల్లో తెలుపు చాలావరకు అదే.

నూనె ఆరడం కూడా చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. నీటిరంగు ఆరేది నీళ్ళు ఆవిరైపోయి. అవిసె నూనె ఆవిరవదు. దాని కొవ్వు ఆమ్లాల్లో ద్విబంధాలు, అంటే కార్బన్ల మధ్య జంట బంధాలు, ఎక్కువ. అవి గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని ఒకదానికొకటి ముడిపడి వలగా గట్టిపడతాయి. ఆరేకొద్దీ బరువు పెరుగుతుంది కూడా. కొబ్బరి నూనెలో ద్విబంధాలు దాదాపు లేవు, అందుకే ఎన్నాళ్ళుంచినా ఆరదు. చిన్న గాజు పలక మీద రెండూ చెరో చుక్క వేసి రెండు వారాలు వదిలేయండి, సంతృప్త, అసంతృప్త కొవ్వుల పాఠం మళ్ళీ చదవక్కర్లేదు.

ఈ నెమ్మదితనమే 15వ శతాబ్దపు ఫ్లాండర్స్ (నేటి బెల్జియం ప్రాంతం) చిత్రకారులకు కలిసొచ్చింది. గుడ్డు సొన రంగు నిమిషాల్లో ఆరిపోతుంది, రెండు ఛాయల్ని కలపాలంటే సన్నటి గీతలు పక్కపక్కన గీయాల్సిందే. ఇటలీ చిత్రకారుడు బొటిచెల్లి బొమ్మల్లో అంచులు అంత పదునుగా ఉండటానికి అదొక కారణం. నూనె రంగు అయితే తడిగా ఉండగానే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంది. ఆరిన పొర మీద పలచటి పారదర్శకపు పొరలు వేసుకుంటూ పోవచ్చు. 1434 నాటి యాన్ వాన్ ఐక్ 'ఆర్నొల్ఫీనీ దంపతులు' చిత్రంలో ఇత్తడి దీపపు కమ్మీ మీద మెరుపు, బొచ్చు అంచు మెత్తదనం అలా వచ్చినవే. ఆయనే నూనె రంగును కనిపెట్టాడని పాత పుస్తకాల్లో ఉంటుంది, పరీక్షలో అలా రాయకండి. అఫ్ఘనిస్తాన్ బామియాన్ గుహల్లో 7వ శతాబ్దపు బొమ్మల్లోనే ఆరే నూనెలు దొరికాయి.

అందుకే మొదట చెప్పిన మాటకు హద్దు గీస్తున్నా. పదార్థం దారి తెరుస్తుందే తప్ప, ఆ దారిన నడవాలని ఎవరినీ బలవంతపెట్టదు. నూనె ఎప్పటినుంచో ఉంది. చిన్న వస్తువుల్ని కూడా అచ్చంగా చూపమని డబ్బిచ్చే వర్తకులు ఫ్లాండర్స్‌లో పుట్టుకొచ్చాకే దాని సత్తా బయటపడింది. వ్యాసరూప ప్రశ్నల్లో ఈ రెండో సగం కూడా రాయండి, లేకపోతే అది కెమిస్ట్రీ జవాబు మాత్రమే అవుతుంది.

పరిశ్రమల యుగం మీద త్వరగా పోదాం. బెర్లిన్‌లో 18వ శతాబ్దం మొదట్లో ఇనుము సమ్మేళనంగా ప్రష్యన్ నీలం అనుకోకుండా తయారైంది. 1831 ప్రాంతంలో జపాన్‌లో హొకుసాయి చెక్క అచ్చుతో వేసిన పెద్ద కెరటం రంగు అదే. అఫ్ఘనిస్తాన్ బదక్షాన్ గనుల నుంచి రావాల్సిన లాజవర్ద నీలాన్ని (ఆ పేరుగల రాయిని నూరి చేసే రంగు) 1820లలో ఫ్రాన్స్‌లో గిమే కృత్రిమంగా చేశాడు. ఒకప్పుడు తెల్లబట్టలకు పెట్టిన నీలం పొడి దాదాపు అదే పదార్థం. 1841లో జాన్ రాండ్ తగరపు ట్యూబుకు పేటెంట్ తీసుకున్నాడు. రంగులు జేబులో వేసుకుని పొలాల్లోకి పోయే వీలు దొరికింది, 1874లో ఇంప్రెషనిస్టుల (ఆరుబయట మారే వెలుతురును బొమ్మలో పట్టుకోవాలని చూసిన చిత్రకారులు) మొదటి ప్రదర్శన జరిగింది. కొత్త రంగులన్నీ నమ్మకస్తులు కావు. వాన్ గోహ్ వేసిన పొద్దుతిరుగుడు పూల చిత్రాల్లోని క్రోమ్ పసుపు, అంటే సీసం క్రోమేట్, వెలుతురుకు క్రోమియం క్షయకరణం (ఆక్సీకరణానికి వ్యతిరేక చర్య) చెంది గోధుమరంగుకు తిరుగుతుంది. ఆయన పడకగది చిత్రంలో ఇప్పుడు నీలంగా కనిపించే గోడలు నిజానికి లేత ఊదా, కలిపిన ఎరుపు వెలిసిపోయింది.

రంగుల పుట్టిన తేదీలు గుర్తుంటే దొంగబొమ్మలు దొరుకుతాయి. 1914లో జర్మన్ చిత్రకారుడు కాంపెండోంక్ వేశాడని చెప్పిన ఒక బొమ్మ 2006 వేలంలో 28 లక్షల యూరోలకు పైగా పలికింది. పరీక్షిస్తే టైటానియం తెలుపు బయటపడింది. 1914లో చిత్రకారులకు అది అందుబాటులోనే లేదు. వేసిన బెల్ట్రాకీకి 2011లో జైలుశిక్ష పడింది. ట్యూబ్ మీద ఆ పేరు రాయలేదని తర్వాత చెప్పుకున్నాడు పాపం.

చివరగా ద్రావణీయత. సంరక్షణ కోర్సుకు వెళ్ళేవాళ్ళకు అన్నిటికంటే ముఖ్యమైన ధర్మం ఇదే. దీనికి అజంతా కంటే మంచి పాఠం లేదు. ముందు ఒక సవరణ: అజంతా బొమ్మలను ఫ్రెస్కోలని రాసేస్తుంటారు, కాదు. ఊకా నారా కలిపిన మట్టిపూత, దాని మీద పలచటి తెల్ల పూత, అది ఆరాక జిగురు కలిపిన రంగులు. జేగురు, పసుపుమట్టి, పచ్చమట్టి, దీపపు మసి, 5వ శతాబ్దపు గుహల్లో లాజవర్దం. జిగురు నీటికి మెత్తబడుతుంది, మట్టి చెమ్మకు ఉబ్బుతుంది. ఇటలీ ఫ్రెస్కోకు పనికొచ్చే తడిగుడ్డ ఇక్కడ సర్వనాశనం.

అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. ఊడిపోతున్న బొమ్మల్ని కాపాడమని హైదరాబాద్ ప్రభుత్వం 1920లో ఇటలీ నుంచి చెక్కోనీ, ఓర్సినీ అనే ఇద్దరు నిపుణుల్ని రప్పించింది. పెచ్చులు అతికించి నిలబెట్టారు, ఆ మేలు మర్చిపోకూడదు. కానీ పైన పూసిన లక్క వార్నిష్ కాలంతో పచ్చబడి, ముదిరి, దుమ్మునూ మసినీ పట్టుకుని అసలు రంగుల్ని కప్పేసింది. కొత్త లక్క ఆల్కహాల్‌లో చక్కగా కరుగుతుంది. పాతబడేకొద్దీ అణువులు ఒకదానికొకటి ముడిపడి కరగడం మానేస్తుంది. దాన్ని తీయడానికి పురావస్తు శాఖ కెమిస్టులకు దశాబ్దాలు పట్టింది. దూదిపుల్లతో కొద్దికొద్దిగా, కింది జిగురు కరగకుండా పైలక్క మాత్రమే కరిగే ద్రావణి వెతుక్కుంటూ చేసే పని అది. మళ్ళీ తీయగలిగిన పదార్థమే వాడాలన్న నేటి నియమం వెనక ఇలాంటి అనుభవాలే ఉన్నాయి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో అజంతా చిత్రాల నకళ్ళ గ్యాలరీ ఉంది, వీలైతే వెళ్ళి చూడండి.

మీరు చదవాల్సిన కెమిస్ట్రీ ఎంత అంటే, పదో తరగతి పుస్తకంలో ఆమ్లాలు-క్షారాలు, లోహసంగ్రహణం, కార్బన్ సమ్మేళనాలు, కాంతి వక్రీభవనం. దాని పైన ఇంటర్ నుంచి ఆక్సీకరణ-క్షయకరణం, ద్రావణాలు, పాలిమర్లు. సమీకరణాల్లో సున్నం మూడు మెట్లు, కంచు మీద క్లోరైడ్ చర్య, తెల్ల సీసం హైడ్రోజన్ సల్ఫైడ్‌తో నల్లబడటం, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో మళ్ళీ తెల్లబడటం చూడకుండా రాయగలిగితే చాలు. పేరున్న ఆర్గానిక్ చర్యలు, మోల్ లెక్కలు ఇప్పటికి వదిలేయండి. యుగాల తేదీలకు మాత్రం గోడమీద ఒక పొడవాటి కాగితం అంటించి, పైవరసలో చిత్రాలు, కిందివరసలో ఆ కాలానికి చేతికొచ్చిన రంగూ లోహమూ రాసుకుంటూ పోండి. కిందివరస 1700 దాకా పలచగా ఉండి, అక్కడినుంచి ఒక్కసారిగా కిక్కిరిసిపోతుంది. ప్రశ్నలు ఎక్కువగా తయారయ్యేదీ ఆ చోటి నుంచే.